ఎజ్రా పౌండ్ రూపచిత్రము (1958)

అమెరికా కవి ఎజ్రా పౌండ్‌ను 1958 జూన్ 30వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమందలి రూథర్‌ఫర్డ్ పట్టణమున రిచర్డ్ ఎవెడన్ తీసిన నలుపు తెలుపుల ఛాయాచిత్రము, ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున వెలువడిన కవుల రూపచిత్రములలో మిక్కిలి ప్రసిద్ధి వహించినది. పండ్రెండేండ్లకు పైగా ఉన్మాద చికిత్సాలయమున నిర్బంధింపబడి, తనపై మోపబడిన దేశద్రోహ నేరము విచారణకు రాకయే రద్దు కాగా విడుదల నొంది, జన్మభూమిని వీడి ఇటలీకి మరలిపోవుటకు సిద్ధమైయున్న డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు ఇందు కానవచ్చును. న్యాయస్థానము ఏ తీర్పును చెప్పక విడిచిపెట్టిన మనుష్యుని ముఖమును, తానును ఏ తీర్పును చెప్పక, ఒక్క ముడుతనైనను మరుగుపరుపక చూపినందువలననే ఈ చిత్రమునకు ఇంతటి స్థానము లభించినదని మా అభిప్రాయము.

చిత్రస్వరూపము

చిత్రమున శిరస్సు, కంఠము, భుజముల పైభాగము మాత్రమే కలవు. పుస్తకము లేదు, కలము లేదు, వ్రాతబల్ల గాని, గవాక్షము గాని, కవిత్వమును సూచించు మరి యే ఉపకరణము గాని లేదు. వెనుక నున్నది శూన్యము. తల వెండ్రుకలు నుదుటినుండి పైకెగసి చెదరియున్నవి. గడ్డమును మీసమును నెరసినవి. చొక్కా గుండీలు విప్పియుండుటచే మెడక్రింది చర్మపు సడలుపాటు, జత్రువుల నడిమి గుంట స్పష్టముగా తెలియుచున్నవి. నుదుటి మీది ముడుతలు లోతైనవి. కనుబొమల నడుమ అవి ముడివడి, కనుగొనల నుండి మరల చెక్కిళ్లమీదికి వ్యాపించినవి. వీని అన్నింటి నడుమను ప్రధానమైన విషయ మేమనగా, కవి కన్నులు మూసికొని యున్నాడు. అది రెప్పపాటు కాదు. నిద్రలోని మూతయు కాదు. కనురెప్పలు బలముగా బిగింపబడియున్నవి. ఆ బిగింపు వలననే చుట్టునున్న చర్మమంతయు లోనికి లాగబడి ముడుతలు ద్విగుణీకృతములైనవి.

సామాన్యముగా ఛాయాచిత్రకారులు కన్నులు మూతపడిన ప్రతిని పనికిరానిదిగా పారవేయుదురు. చిత్రమునకు కూర్చుండిన వానికిని, చూచువానికిని నడుమ సంబంధమును కల్పించునది దృష్టియే కనుక, ఆ దృష్టి లేనిచో రూపచిత్రమునకు ప్రాణము లేదను విశ్వాసము చిరకాలమునుండి స్థిరపడియున్నది. ఎవెడన్ ఈ నియమమును కాదని, మూసిన కన్నులుగల ప్రతినే లోకమున కందించెను. దాని ఫలితము విచిత్రమైనది. మన దృష్టిని ఎదుర్కొను దృష్టి లేకపోవుటచే మనము సంకోచము లేకుండ ఆ ముఖమును ఎంతసేపైనను పరిశీలింప గలుగుచున్నాము. కాని ఎంత పరిశీలించినను లోపలికి ప్రవేశము దొరకదు. ఇది పశ్చాత్తాపమా, బాధయా, మొండితనమా, లేక వెలుతురును సహింపలేని వృద్ధుని శరీరధర్మమా అను ప్రశ్నకు చిత్రము ఉత్తర మీయదు. పౌండ్ జీవితకాలమంతయు వ్రాసిన 'కాంటోస్' అను మహాకావ్యము, ఒడిస్సీ పదునొకండవ సర్గమందలి పాతాళయాత్రతోను, అంధుడైన దైవజ్ఞుడు టిరీసియస్ దర్శనముతోను ఆరంభమగును. ఆ కావ్యమును చదివినవారికి ఈ మూసిన కన్నులు అంధద్రష్టను తలపునకు తెచ్చుట సహజము. చదువనివారికి మృతుల ముఖములపై పోతపోసి తీయు మైనపు ముసుగులు జ్ఞప్తికి వచ్చును. రెండును తగిన భావములే.

కవి పూర్వవృత్తాంతము

ఎజ్రా పౌండ్ 1885 అక్టోబరు 30న ఐడహో ప్రాంతమందలి హెయిలీ అను గ్రామమున జన్మించెను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున చదువుకొను దినములలో ఇతనికి విలియం కార్లోస్ విలియమ్స్, హిల్డా డూలిటిల్ అను ఇరువురు భావికవులతో స్నేహము కలిగెను. 1908లో లండన్ చేరి, కొలది యేండ్లలోనే ఆంగ్ల కవిత్వమును నూతన మార్గమున నడిపించుటకు పూనుకొనెను. 1912 ప్రాంతమున ఇతడు ప్రవర్తింపజేసిన 'ఇమేజిజమ్' అను సంప్రదాయమునకు మూలసూత్రములు కొన్నియే: వస్తువును సూటిగా పట్టుకొనవలెను, అక్కరకు రాని మాట నొక్కదానినైనను వాడరాదు, లయ సంగీతమునుండి పుట్టవలెను గాని గడియారపు టిక్కుటిక్కునుండి కాదు. ప్యారిస్ నగరపు భూగర్భ రైల్వే స్టేషనులో తాను చూచిన ముఖములను గూర్చి మొదట ముప్పది పంక్తుల పద్యము వ్రాసి, దానిని చించివేసి, ఆరు మాసముల పిదప సగము నిడివిగల దానిని వ్రాసి, మరి ఒక సంవత్సరమునకు రెండు పంక్తులకు కుదించిన వృత్తాంతమును అతడే చెప్పియున్నాడు. ఆ రెండు పంక్తుల కవిత 1913 ఏప్రిల్‌లో షికాగో నుండి వెలువడు 'పొయెట్రీ' పత్రికలో అచ్చయ్యెను.

పరుల రచనలకు ఇతడు చేసిన ఉపకారము ఇతని కవిత్వమునకు తీసిపోవునది కాదు. టి. ఎస్. ఎలియట్ 'ది వేస్ట్ లాండ్' కావ్యము వ్రాతప్రతిని దాదాపు సగమునకు కుదించి నేటి రూపమునకు తెచ్చినవాడు పౌండే. జేమ్స్ జాయిస్ రచనలు వెలుగు చూచుటకు పాటుపడినవాడును ఇతడే. రాబర్ట్ ఫ్రాస్ట్ తొలి సంపుటమును మెచ్చి సమీక్షించిన మొదటివారిలో ఇతడొకడు. భారతీయులకును ఇతనితో కొంత ఋణానుబంధము కలదు. 1912లో లండన్‌లో రవీంద్రనాథ ఠాకూరును కలసికొని, ఆయన గీతము లారు ఆ యేటి డిసెంబరు 'పొయెట్రీ' సంచికలో ప్రకటితమగుటకు కారకుడయ్యెను. కాళీమోహన్ ఘోష్ తోడ్పాటుతో ఇతడు ఆంగ్లీకరించిన కబీరు పదములు 1913 జూన్‌లో కలకత్తా 'మోడరన్ రివ్యూ'లో వెలువడినవి.

ఇంతటి రసజ్ఞుడు పతనమైన విధము తలచుకొన్న మనస్సు వికలమగును. 1924లో ఇటలీయందలి రపాల్లోలో స్థిరపడిన పిదప, ఆర్థికశాస్త్రముపై వ్యామోహము పెంచుకొని, లోకమందలి దుఃఖములకెల్ల వడ్డీ వ్యాపారమే మూలమని నమ్మి, ఆ నమ్మకము యూదుజాతిపై విషద్వేషముగా పరిణమింపగా, ముస్సోలినీకి ఆరాధకుడయ్యెను. 1941 నుండి 1943 వరకు రోమ్ రేడియోలో నూరింటికి పైగా ప్రసంగములు చేసి, స్వదేశమును, దాని అధ్యక్షుని, యూదులను దూషించెను. 1943 జూలైలో అమెరికా ప్రభుత్వము ఇతనిపై దేశద్రోహ నేరమును మోపెను. 1945 మే మాసమున పట్టుబడిన పిదప, పీసా నగర సమీపమందలి సైనిక శిక్షాశిబిరమున, ఆరుబయట, ఎండకు వానకు ఓర్చుకొనుచు సుమారు మూడు వారములు ఇనుప పంజరములో బంధింపబడెను. రాత్రులందును దానిపై విద్యుద్దీపములు వెలుగుచుండెడివి. అతని ఆరోగ్యము చెడగా గుడారమునకు మార్చిరి. 'పీసన్ కాంటోస్' అను భాగమును అతడు రచించినది ఆ శిబిరముననే. ఆ యేటి నవంబరులో వాషింగ్టనుకు విమానమున కొనిపోబడి, విచారణను ఎదుర్కొను మానసికస్థితి లేదని వైద్యులు చెప్పగా సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో ఉంచబడెను. 1949లో కాంగ్రెసు గ్రంథాలయము పక్షమున ఏర్పడిన మండలి 'పీసన్ కాంటోస్'కు బోలింజెన్ బహుమానమును ప్రకటించినప్పుడు దేశమంతట కలకలము రేగెను. దేశద్రోహ నేరము మోపబడినవానికి దేశపు గ్రంథాలయము సన్మానము చేయుటయా యని కొందరును, కావ్యగుణమునకు కవి నడవడి ప్రతిబంధకము కారాదని కొందరును వాదించిరి. తుదకు బహుమాన నిర్వహణమే ఆ గ్రంథాలయము నుండి యేల్ విశ్వవిద్యాలయమునకు మారిపోయెను.

ఆర్చిబాల్డ్ మెక్లీష్, ఫ్రాస్ట్, ఎలియట్, హెమింగ్వే మొదలగువారి ప్రయత్నముల ఫలితముగా 1958 ఏప్రిల్ 18న న్యాయస్థానము నేరారోపణమును కొట్టివేసెను. మే మాసమున పౌండ్ ఆసుపత్రి విడిచెను. దోషి యని గాని, నిర్దోషి యని గాని ఏ న్యాయమూర్తియు పలికియుండలేదు.

రూథర్‌ఫర్డ్‌లో

ఓడ ఎక్కుటకు ముందు పౌండ్ తన బాల్యము గడచిన వింకోట్ గ్రామమును చూచి, పిదప రూథర్‌ఫర్డ్‌లో పాతమిత్రుడు విలియమ్స్ ఇంట విడిసెను. రిడ్జ్ రోడ్డులోని ఆ ఇల్లు కవి నివాసమే గాక వైద్యశాలయు నైయుండెను. విలియమ్స్ జీవితమంతయు ఆ ఊరి రోగులకు మందిచ్చుచు, తీరిక వేళలలో కవిత్వము వ్రాసిన మహనీయుడు. యుద్ధకాలమున పౌండ్ రేడియోలో తన పేరు ఎత్తినందువలన పోలీసు అధికారుల ప్రశ్నలకు విలియమ్స్ ఉత్తరము చెప్పుకొనవలసి వచ్చెను. ఆ రాజకీయములను అతడు తీవ్రముగా ఏవగించుకొనెను. ఐనను స్నేహమును త్రెంచుకొనలేదు. 1958 నాటికి అతడు పక్షవాతపు పోటులచే కృశించియుండెను. ఆ దినమున ఎవెడన్ మిత్రుల నిరువురను కలిపియు ఒక చిత్రమును తీసెను. అందు విలియమ్స్ ముందు కూర్చుండియుండగా పౌండ్ అతని వెనుక నిలువబడియుండును. ఆ చిత్రము హృదయమును కదలించునదే. కాని స్నేహమను ఒక కథ అందు కలదు, ఆ కథ చూచువానిని ఓదార్చును. ఏకాకి చిత్రమున అట్టి ఓదార్పు లేదు.

ఛాయాచిత్రకారుడు

రిచర్డ్ ఎవెడన్ 1923 మే 15న న్యూయార్కు నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. బాల్యమున కవి కావలెనని కోరినవాడు. 1941లో నగరపు ఉన్నత పాఠశాలల విద్యార్థులలో ఉత్తమకవిగా బిరుదమును పొందినవాడు. యుద్ధకాలమున వాణిజ్య నౌకాదళమున చేరి, నావికుల గుర్తింపు పత్రములకై వేలాది ముఖములను, ఒక్కొక్కటిగా, ఒకే తీరున తీసెను. తండ్రి బహూకరించిన రోలీఫ్లెక్స్ కెమెరాయే అతని తొలి సాధనము. తరువాత అలెక్సీ బ్రోడొవిచ్ అను కళాదర్శకుని వద్ద శిష్యరికము చేసి, 1945 నుండి 'హార్పర్స్ బజార్' పత్రికకు వేషభూషల చిత్రములు తీసి, ముప్పదియైదేండ్లు నిండకమునుపే జగత్ప్రసిద్ధుడయ్యెను. 1958లో 'పాప్యులర్ ఫొటోగ్రఫీ' పత్రిక అతనిని లోకమందలి పదిమంది ఉత్తమ ఛాయాచిత్రకారులలో ఒకనిగా పేర్కొనెను.

ఆ కీర్తి సుందరీమణుల పట్టు వస్త్రముల మీద నిలిచినది. అతని మనస్సు మాత్రము ముఖముల మీద నుండెను. పౌండ్ ముఖము ఎదుట నిలిచిన ఎవెడన్‌ను గూర్చి గమనింపదగిన విషయములు రెండు. మొదటిది, అతని సోదరి మానసిక వ్యాధికి లోనై చికిత్సాలయమున ఉండవలసి వచ్చినది. 1963లో అతడు లూయిసియానా రాష్ట్రమందలి ఒక ఉన్మాద చికిత్సాలయములోని రోగుల చిత్రములను తీసి, జేమ్స్ బాల్డ్విన్ వ్యాసముతో కలసి వెలువడిన 'నథింగ్ పర్సనల్' గ్రంథమున ప్రకటించెను. సెయింట్ ఎలిజబెత్స్ నుండి వెలువడిన కవి ముఖము ఎదుట అతడు నిలిచినది దీనికి ఐదేండ్ల ముందు. ఇక రెండవ విషయము మరింత కఠినమైనది. యూదుజాతిని నిర్మూలింపబూనిన వారి పక్షమున రేడియోలో విషము క్రక్కిన మనుష్యుడు, ఒక యూదు యువకుని కెమెరా ముందు చొక్కా గుండీలు విప్పుకొని నిలుచున్నాడు. పగ తీర్చుకొనుటకు ఛాయాచిత్రకారునికి సాధనములు పెక్కు కలవు: క్రిందినుండి వెలుతురు వేసి క్రూరునిగా చూపవచ్చును, నోరు వికృతముగా తెరచిన క్షణమును ఎన్నుకొనవచ్చును. క్షమింపదలచినచో అందులకును ఉపాయములు కలవు. ఎవెడన్ ఈ రెంటిని విడిచెను. ఇది ఉదాసీనత కాదు. ఎదుటివానిని సంపూర్ణముగా చూడవలెనను పట్టుదల వలన కలిగిన నిగ్రహమిది. కళాకారులకు అది సులభముగా లభించునది కాదు.

సాధనము, పద్ధతి

రోలీఫ్లెక్స్ అను జర్మను కెమెరాకు ముందుభాగమున ఒకదానిపై నొకటిగా రెండు కటకము లుండును. పై కటకము నుండి వచ్చిన బింబము లోపలి అద్దముపై పడి, కెమెరా నెత్తిమీది గాజుపలకపై కుడి యెడమలు తారుమారై కనబడును. క్రింది కటకము ఫిల్ముపై చిత్రమును ముద్రించును. దానిని ఉపయోగించువాడు కంటి యొద్ద పెట్టుకొనడు. నడుము వద్దనో ఱొమ్ము వద్దనో పట్టుకొని, తల వంచి లోనికి చూచును. అందువలన చిత్రింపబడువానికి ఎదుట గోచరించునది కెమెరా వెనుక దాగిన ముఖము కాదు, వంగిన శిరస్సు. ఆరు సెంటిమీటర్ల చతురస్రములుగా ఒక ఫిల్ము చుట్టకు పండ్రెండు చిత్రములు వచ్చును. ఎవెడన్ ఈ కెమెరాతో 1960వ దశకము చివరి వరకు రూపచిత్రములు తీసి, పిమ్మట ఎనిమిదింట పది అంగుళముల పెద్ద ఫిల్ము కెమెరాకు మారెను. పెద్ద కెమెరా ముక్కాలిపీటపై కదలక నిలిచియుండుటచే తాను దాని ప్రక్కన నిలువబడి ఎదుటివాని కన్నులలోనికి సూటిగా చూడవచ్చుననుట ఆ మార్పునకు కారణము.

నలుపు తెలుపుల ప్రతి యనగా నిక్కముగా నలుపును తెలుపును కాదు. ఆ రెంటి నడుమ లెక్కకు మిక్కిలియైన బూడిద వన్నెల శ్రేణి. జెలటిన్ పూతలో కలిపిన వెండి లవణములు వెలుతురు సోకినచోట మార్పు నొంది, రసాయనద్రవములో తడిసినప్పుడు లోహపు వెండి నలుపుగా తేలును. చీకటిగదిలో ముద్రించువాడు కాగితముపై పడు వెలుతురును చేతితోనో, అట్టముక్కతోనో ఒకచోట అడ్డగించి తేలిక చేయుచు, మరియొకచోట ఎక్కువసేపు పడనిచ్చి చిక్కన చేయుచు, ముఖమునకు తుది రూపము నిచ్చును. ముడుతను మెత్తపరచి ముసలితనమును దాచుటయు, ముడుత ముడుతను విడదీసి చూపుటయు ఈ గదిలోనే జరుగును. పౌండ్ చిత్రమున ఎవెడన్ రెండవ మార్గమునే త్రొక్కెను. చర్మపు గరుకుదనము, గడ్డపు వెండ్రుకల విడివిడి పోగులు, కనురెప్ప మీది పలుచని గీతలు కూడ చేతితో తడవి చూడదగినంత స్ఫుటముగా నున్నవి. ముఖమున సగమును చీకటిలో ముంచి గాంభీర్యమును తెచ్చిపెట్టు నాటకీయ దీపకల్పన ఇందు లేదు.

శూన్యమైన నేపథ్యమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ఎవెడన్ ఈ పద్ధతిని పౌండ్ కొరకు కల్పించినవాడు కాడు. అతని రూపచిత్రములలో పెక్కింటికి అది లక్షణము. కాని ఇచ్చట ఆ పద్ధతికిని వస్తువునకును కలిగిన పొందిక యాదృచ్ఛికమైనను అపూర్వమైనది. అనవసరమైన ప్రతి పదమును తొలగింపుమని నలువదియైదేండ్ల క్రిందట బోధించిన కవి, ముఖములను గూర్చి వ్రాసిన ముప్పది పంక్తులను రెండు చేసిన కవి, తన సూత్రమునకు తానే వస్తువై, అనవసరములన్నియు తొలగిపోయిన తావున నిలిచియున్నాడు.

పౌండ్ ఇతర చిత్రములు

ఈ కవి ముఖము ఆధునిక కళాకారులను పెక్కుమందిని ఆకర్షించినది. ఆల్విన్ లాంగ్డన్ కోబర్న్ 1913లో తీసిన చిత్రమున పౌండ్ యువకుడు. అదే కోబర్న్ 1916–17 ప్రాంతమున మూడు అద్దపు పలకలను త్రికోణముగా బిగించి, వాని ద్వారా తీసిన చిత్రములకు 'వోర్టోగ్రాఫు'లని పేరు వచ్చెను. వానిలో పౌండ్ ముఖము ముక్కలు ముక్కలై, ఒకదానిపై నొకటి పడి, వస్తురూపమును దాటి కేవల రేఖాస్వరూపమునకు చేరువగును. ఛాయాచిత్రకళలో నైరూప్యమునకు తొలి ప్రయత్నములలో ఇవి గణనీయములు. గోడియే-బ్రెస్కా 1914లో పౌండ్ శిరస్సును పాలరాతిలో చెక్కెను; విండమ్ లూయిస్ 1939లో, కుర్చీలో వెనుకకు వాలి కన్నులు మూసికొనియున్న పౌండ్‌ను తైలవర్ణముల చిత్రించెను. ఆ చిత్రమందలి మూసిన కన్నులలో విశ్రాంతి కలదు. పందొమ్మిదేండ్లకు ఎవెడన్ చూపిన కన్నులలో అది లేదు.

వీనికెల్ల భిన్నమైనవి 1945లో పీసా శిబిరమున సైనికులు తీసిన ఖైదీ చిత్రములు. నేరస్థుల గుర్తింపునకై ఎదుటినుండియు ప్రక్కనుండియు తీసిన ఆ చిత్రములలో కళాభిలాష ఇసుమంతయు లేదు. ఐనను ఎవెడన్ చిత్రమునకు నిజమైన జ్ఞాతులు అవియే యని మాకు తోచును. అలంకారము లేని ముఖము, వెనుక ఏమియు లేని స్థలము, పేరు, తేదీ: గుర్తింపు చిత్రమునకు ఈ నాలుగును చాలును. నావికుల ముఖములను వేలకొలది తీసిన యువకుడు నేర్చిన తొలి పాఠము ఇదే. ఆ కార్యాలయపు పద్ధతిని అతడు కళాస్థాయికి ఎత్తెను.

కవుల రూపచిత్రముల సంప్రదాయము

అమెరికాలో కవి ముఖమునకు కవిత్వముతో సమానమైన గౌరవము తెచ్చినవాడు వాల్ట్ విట్మన్. 1855లో 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' మొదటి ముద్రణమున ముఖపత్రముపై కవి పేరు లేదు. దాని ఎదుటి పుటలో మాత్రము చొక్కా మెడ విప్పి, ఒక చేయి నడుముపై నుంచి, టోపీ ఓరగా పెట్టుకొని నిలిచిన మనుష్యుని బొమ్మ కలదు. గేబ్రియల్ హారిసన్ తీసిన డాగెరోటైపును చూచి చెక్కిన బొమ్మ అది. కవి యనగా కోటు తొడిగి, పుస్తకముల నడుమ గంభీరముగా కూర్చుండు పెద్దమనిషి కాదు, వీధిలోని శ్రామికుని వంటివాడని ఆ విప్పిన మెడ చాటెను. నూరేండ్లకు పౌండ్ చొక్కా మెడయు విప్పియే యున్నది. కాని విట్మన్ ఱొమ్ములోని ఆరోగ్యము, ధీమా ఇచ్చట లేవు. పౌండ్ తన యౌవనమున విట్మన్‌తో కవితాముఖముగా కలహించి, రాజీపడిన సంగతి సాహిత్యవేత్తలకు విదితమే.

శతాబ్ది మధ్యమున ఈ కళ బహుముఖముల వికసించెను. కార్ల్ వాన్ వెక్టెన్ నల్లజాతి మహాకవి లాంగ్స్టన్ హ్యూస్‌ను 1936లో చిత్రించెను. 1940వ దశకారంభమున గోర్డన్ పార్క్స్ అతనినే మరల చిత్రించెను. ఎడ్వర్డ్ స్టైకెన్ తన బావమరది యగు కార్ల్ శాండ్‌బర్గ్ ముఖమును పెక్కు కోణములనుండి తీసి ఒకే చిత్రముగా కూర్చెను. యూసఫ్ కార్ష్, పౌండ్ విడుదలయైన యేడాదియే, రాబర్ట్ ఫ్రాస్ట్‌ను తీసెను. పెద్ద కెమెరాతో, పలు దీపములతో, చీకటి నేపథ్యమున ముఖమును శిల్పము వలె వెలిగించి మహాపురుషత్వమును ప్రతిపాదించుట కార్ష్ మార్గము. ఎవెడన్‌ది దానికి నేరుగా ఎదుటి గట్టు. ఇమోజెన్ కనింగ్‌హామ్ 1959లో థియొడోర్ రెట్కీని చిత్రించెను. రోలీ మెకెన్నా అను వనిత ఎలిజబెత్ బిషప్, రిచర్డ్ విల్బర్, సిల్వియా ప్లాత్ మొదలగు కవులను స్నేహభావముతో చిత్రింపగా, ఆ చిత్రములతో 1963లో 'ది మోడరన్ పొయెట్స్' అను సంకలనము వెలువడి, విద్యార్థులకు పద్యముతో పాటు ముఖమును పరిచయము చేసెను. ఎవెడన్ తానును మేరియన్ మూర్‌ను 1958లోను, 1960 మార్చిలో న్యూయార్కు వీధిలో మంచు కురియుచుండగా డబ్ల్యు. హెచ్. ఆడెన్‌ను, 1963 డిసెంబరులో ఆలెన్ గిన్స్‌బర్గ్‌ను తీసెను. ఆడెన్ చిత్రమున మంచు, వీధి, ఆకాశము కలవు. అది ఎవెడన్ చిత్రములలో అరుదైన ఉదారత.

ప్రకటనము, అనంతర చరిత్ర

పౌండ్ రూపచిత్రము 1959లో సైమన్ అండ్ షూస్టర్ సంస్థ ప్రచురించిన 'అబ్జర్వేషన్స్' అను ఎవెడన్ తొలి గ్రంథమున చేరెను. దానికి వచనము ట్రూమన్ కపోటి వ్రాసెను. పుటల కూర్పు బ్రోడొవిచ్ చేసెను. పికాసో, చాప్లిన్, బోగార్ట్, ఐజాక్ డినెసెన్ మొదలగు విఖ్యాతుల నడుమ పౌండ్‌కును చోటు దొరకెను. కీర్తిశాలుల ఆ సభలో దేశద్రోహాభియోగము నుండి ఏడాది క్రిందట వెలువడిన ముఖమును నిలుపుట సాహసమే. తెల్లని ఖాళీని ధారాళముగా విడుచు బ్రోడొవిచ్ కూర్పులో ఆ ముఖపు రేఖలు మరింత తీక్ష్ణముగా కానవచ్చును.

చిత్రము క్రింద ఎవెడన్ వ్రాయు శీర్షిక సర్వదా ఒకే తీరుగా నుండును: పేరు, వృత్తి, స్థలము, తేదీ. ఈ పొదుపు వలన లాభమును కలదు, ప్రమాదమును కలదు. పౌండ్ ఎవరో ఎరుగని యువపాఠకుడు ఈ చిత్రమును చూచి, లోకముచే హింసింపబడిన మహర్షిగా అతనిని భావింపవచ్చును. ముడుతలు పడిన వృద్ధముఖము ఎవరిదైనను జాలిని పుట్టించును. రోమ్ రేడియో ప్రసంగములను ఆ ముఖముపై చదువుట సాధ్యము కాదు. కావున ఈ చిత్రమును పాఠ్యగ్రంథములలో ముద్రించువారు ఆ ప్రసంగముల సంగతిని అదే పుటలో చెప్పుట విధి. ఛాయాచిత్రములన్నియు యథార్థములే, కాని వానిలో ఏదియు సత్యము కాదని ఎవెడన్ తానే తరువాతి గ్రంథమున అంగీకరించియున్నాడు. తన చిత్రము తన అభిప్రాయమే యని అతడు దాచుకొనలేదు.

ఎవెడన్ కృషి తరువాత మరింత కఠినమైన మార్గమున సాగెను. మరణమునకు సమీపించుచున్న తన తండ్రిని వరుసగా చిత్రించి 1974లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాలలో ప్రదర్శించెను. పశ్చిమ రాష్ట్రముల గని కార్మికులను, దేశదిమ్మరులను చిత్రించిన సంపుటము 1985లో వెలువడెను. తండ్రి ముఖమును అంతటి నిర్మోహముతో చూడగలిగిన చూపునకు రూథర్‌ఫర్డ్ చిత్రము పూర్వాభ్యాసమని చెప్పవచ్చును. ఎవెడన్ 2004 అక్టోబరు 1న శాన్ ఆంటోనియోలో పనిమీద నుండగా కాలధర్మము నొందెను. అతని చిత్రముల భాండారము ఒకటి అరిజోనా విశ్వవిద్యాలయపు ఛాయాచిత్ర కేంద్రమున భద్రపరచబడియున్నది.

పౌండ్ 1958 జూలైలో నేపుల్స్ రేవున దిగి, పత్రికలవారి యెదుట ఫాసిస్టు వందనము చేసెను. రూథర్‌ఫర్డ్ చిత్రమున పశ్చాత్తాపమును చూడగోరువారు ఈ సంగతిని మరువరాదు. తరువాతి కొలది యేండ్లలో అతడు దాదాపు పూర్తిగా మౌనమును పూనెను. 1967లో తనను చూడవచ్చిన గిన్స్‌బర్గ్‌తో, యూదుద్వేషము తాను చేసిన మహాదోషమని ఒప్పుకొన్నట్లు గిన్స్‌బర్గ్ వ్రాసియుంచెను. 1971లో ఆంరి కార్తియే-బ్రెసాన్ వెనిస్ నగరమున అతనిని చిత్రించినప్పుడు కవి మాటాడలేదు. ఆ చిత్రమున చీకటినుండి వెలువడిన ముఖమున కన్నులు తెరచియున్నవి, చూపు తీక్ష్ణము. మరుసటి యేడు నవంబరు 1న పౌండ్ వెనిస్‌లోనే మరణించెను. వెనిస్ చిత్రమున ఆ కన్నులు చూచువానిని ముందుగనే కరుణకు లోబరచును. రూథర్‌ఫర్డ్ చిత్రమున కవి ఏమియు వేడుకొనుటలేదు, చూచువానికి ఏ సులువును కల్పించుటలేదు. ఈ కారణమున రెంటిలో ఎవెడన్ చిత్రమునకే మేము ప్రథమస్థానము నిచ్చుచున్నాము.